ఫ్రాన్స్ టెలికాం వేధింపుల కేసు

ఫ్రాన్స్ టెలికాం వేధింపుల కేసు, ఫ్రాన్సు దేశపు టెలిఫోను సంస్థ ఫ్రాన్స్ టెలికాం సిబ్బందిని తగ్గించడానికి అనుసరించిన పద్ధతులపై నడిచిన క్రిమినల్ కేసు. ఈ సంస్థ పేరు 2013లో ఆరెంజ్‌గా మారింది. ఒక సంస్థ విధానమే వేధింపు కాగలదని న్యాయస్థానాలు తేల్చడం వలన ఈ కేసు ప్రసిద్ధి చెందింది.

నేపథ్యం

ఒకప్పుడు ప్రభుత్వ శాఖగా ఉన్న ఈ సంస్థలో ప్రభుత్వ వాటా 2004లో సగం కంటె తక్కువకు పడిపోయింది. అయినా ఉద్యోగులలో అధిక సంఖ్యాకులకు ప్రభుత్వోద్యోగుల హోదా కొనసాగింది. వారిని ఉద్యోగం నుండి తొలగించడానికి వీలు లేదు. 2006-2008 కాలానికి రూపొందించిన "నెక్స్ట్" ప్రణాళిక ప్రకారం సుమారు 1,20,000 మందిలో 22,000 మంది సంస్థను వీడాలి. మరో 10,000 మంది వేరే పనులకు మారాలి. కనుక ఉద్యోగులు తమంతట తామే వెళ్ళిపోయేటట్లు చేయడం యాజమాన్యానికి మార్గమయింది. తలుపు గుండా గానీ కిటికీ గుండా గానీ ఈ నిష్క్రమణలు జరిపిస్తానని సంస్థ అధిపతి డిడియే లొంబార్ 2006 అక్టోబరులో ఉన్నతాధికారుల సమావేశంలో చెప్పాడు.

మేనేజర్ల పాత్ర

లక్ష్యాన్ని పైవారు నిర్ణయించినా, అమలు చేసే భారం మేనేజర్లపై పడింది. వారిని ఇందుకు నడిపించిన మూడు సాధనాలను న్యాయస్థానం గుర్తించింది:

* వెళ్ళిపోయినవారి సంఖ్యను ఎప్పటికప్పుడు లెక్క చూస్తూ ఒత్తిడి చేయడం
* ఆ సంఖ్యను మేనేజర్ల ప్రతిఫలంతో ముడిపెట్టడం
* శిక్షణ ద్వారా వారి మనసులను ఈ పనికి సిద్ధం చేయడం

ఫలితంగా ఇష్టం లేని బదిలీలు, హోదా తగ్గింపు, పని ఇవ్వకుండా కూర్చోబెట్టడం, వెళ్ళిపొమ్మని సూచిస్తూ పదేపదే సందేశాలు పంపడం వంటివి జరిగాయి. న్యాయస్థానం 39 మంది ఉదంతాలను పరిశీలించింది. వారిలో 19 మంది ఆత్మహత్య చేసుకున్నారు. 12 మంది ఆత్మహత్యకు ప్రయత్నించారు. మిగిలిన 8 మంది మానసికంగా కుంగిపోయారు లేదా అనారోగ్యంతో సెలవు పెట్టారు.

తీర్పులు

2019 డిసెంబరు 20న పారిస్ న్యాయస్థానం లొంబార్‌తో పాటు ఉన్నతాధికారులు లూయీ పియేర్ వెనెస్, ఒలివియే బార్బెరోలకు ఒక్కొక్కరికి ఏడాది జైలు, 15,000 యూరోల జరిమానా విధించింది. జైలుశిక్షలో 8 నెలల అమలును నిలిపివేసింది. సంస్థకు 75,000 యూరోల జరిమానా పడింది. 2022 సెప్టెంబరు 30న అప్పీలు న్యాయస్థానం లొంబార్, వెనెస్‌ల నేరాన్ని నిర్ధారిస్తూనే, వారి జైలుశిక్ష అమలును పూర్తిగా నిలిపివేసింది. 2025 జనవరి 21న అత్యున్నత న్యాయస్థానం వారి అభ్యర్థనలను తోసిపుచ్చడంతో తీర్పు ఖాయమైంది.

ప్రాధాన్యత

ఫ్రాన్సులో మానసిక వేధింపును 2002 నాటి చట్టం నేరంగా పరిగణించింది. అయితే వేధించినవాడు, బాధితుడు ఒకరికొకరు తెలిసినవారై ఉండాలా అన్నది ప్రశ్నగా మిగిలింది. అవసరం లేదని ఈ కేసు తేల్చింది. సిబ్బందిని తగ్గించుకోవడం నేరం కాదు. అందుకోసం తెలిసి తెలిసి పని పరిస్థితులను దిగజార్చే విధానాన్ని అమలు చేయడం నేరం. బాధితులను ఎన్నడూ చూడని అధిపతి కూడా అందుకు బాధ్యుడే.