గోళ్ళరంగులు - ఒక పరిశీలన

కళాశాల వార్షిక సంచికలో గోళ్ళరంగును గురించి వ్యాసమేమిటని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చును. రంగు, కాంతి, పదార్థం అనే మూడింటికి గల సంబంధాన్ని తెలుసుకొనుటకు చేతిగోరును మించిన సులభమైన ప్రయోగశాల లేదని మా సమాధానం. అదియుగాక, మా విద్యార్థినులలో పలువురు తమ చేతిఖర్చు డబ్బులో కొంత మిగిల్చి కొనుక్కొనే వస్తువిది. కొని ఇంటికి తెచ్చిన తరువాత "సీసాలో చూసిన రంగు ఇది కాదే" అని నిరాశపడటం, ఆ నిరాశ చివరకు "మా చేతులకు ఇటువంటివి నప్పవులెండి" అనే మాటగా మారటం మేము తరచు వింటున్నాము. ఈ రెండవ మాట మమ్మల్ని బాధించినది. అందులో నిజమెంతో తేల్చవలెననే ఈ పరిశీలనకు పూనుకొన్నాము.

గోటికి రంగు రెండు విధాల వస్తుంది. ఒకటి లోనికి ఇంకే రంగు, రెండవది పైన నిలిచే పూత. గోరింటాకు మొదటి జాతికి చెందినది. ఆషాఢమాసంలో పెరటి చెట్టు ఆకు కోసి రుబ్బి పెట్టుకొన్నా, రంజాను నెల ముగిసి నెలవంక కనబడిన రాత్రి మెహందీగా దిద్దుకొన్నా జరిగేది ఒక్కటే. ఆకులోని లాసోన్ అనే పదార్థం గోటిలోని కెరాటిన్ అనే మాంసకృత్తుతో ముడిపడిపోతుంది. ఆ ఎరుపును గీకలేము, కడగలేము. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ దానిని మెల్లగా కొనకు మోసుకొనిపోవలసినదే. మొదలునుండి కొనవరకు గోరు మారటానికి దాదాపు 6 నెలలు పడుతుంది. అయితే గోరింట ఇచ్చే రంగు ఒక్కటే. పండటంలో తేడా ఉండునేగాని, ఎంచుకొనటానికి అందులో ఏమీ లేదు. ఎంపిక అనే సమస్య పూతతోనే మొదలైనది.

ఈ పూత పుట్టుక విచిత్రమైనది. దూదిలోని సెల్యులోజును నత్రికామ్లంతో సంస్కరిస్తే నైట్రోసెల్యులోజు వస్తుంది. ఇదే జాతి పదార్థం ఒక మోతాదులో తుపాకిమందుగా ప్రేలినది. మరొక మోతాదులో 1920ల దశకంలో మోటారు కార్లకు తళతళలాడే లాక్కరుగా పనికివచ్చినది. దీనిని ఈథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావకాలలో కరిగించి, గోటిని అంటిపెట్టుకొనటానికి ఒక రెజిన్, పెళుసుబారకుండా మెత్తదనం కలిగించే మరొక పదార్థం చేర్చితే రంగులేని గోళ్ళపాలిష్ సిద్ధమవుతుంది. సీసా మూత తీయగానే మాగిన అరటిపండును తలపించే ఘాటైన వాసన ఆ ద్రావకాలదే. అవి గాలిలో కలిసిపోగా మిగిలిన పలుచని పొరయే మన గోటిమీది పూత. కనుకనే దీనిని పొయ్యి దగ్గర, రసాయనశాలలో దీపం దగ్గర తెరవరాదు.

తొలిరోజులలో ఇందులో కరిగే అద్దకపు రంగులు వాడేవారు. అవి గాజువలె పారదర్శకంగా ఉండేవి. 1932లో చార్లెస్ రెవ్‌సన్, ఆయన సోదరుడు జోసెఫ్, రసాయనవేత్త చార్లెస్ లాక్‌మన్ కలిసి అమెరికాలో రెవ్లాన్ సంస్థను ఒకే ఒక్క సరుకుతో ప్రారంభించారు. అది కరగని వర్ణకపు పొడులు కలిపిన, క్రింది గోటిని పూర్తిగా కప్పివేసే పాలిష్. నేడు అంగడిలో వరుసలు తీరిన రంగులన్నింటికీ ఆ పొడియే మూలం. మన దేశంలో 1952లో టాటావారు లాక్మే సంస్థను స్థాపించారు. ఆ పేరు 1883లో పారిస్‌లో ప్రదర్శించిన ఒక ఫ్రెంచి సంగీతనాటకపు నాయికది. ఆ నాయిక పేరు మన లక్ష్మికి ఫ్రెంచివారి ఉచ్చారణ. లక్ష్మి పారిస్ వెళ్ళి లాక్మేగా తిరిగివచ్చినదని భాషాబోధకులముగా మేము ముచ్చటపడుతుంటాము.

ఇక పోలిక విషయం. గత వేసవి సెలవులలో సహోద్యోగినులము ముగ్గురము, ఐదుగురు విద్యార్థినులు కలిసి, ఒకే ఎరుపుకు దగ్గరగా ఉన్న సీసాలను వేర్వేరు మెరుగులలో తెప్పించి పూసి చూచినాము. మొట్టమొదట గ్రహించినది ఏమనగా, సీసాలో మనము చూచేది అంగుళంలో సగం మందం గల రంగు. గోటిమీద నిలిచేది కాగితంకన్న పలుచని పొర. ఆ పలుచదనంలో ఏ రంగు ఎంత మిగులుతుందన్నది దానిలోని పొడిని బట్టి ఉంటుంది. క్రీము అని పిలిచే దట్టమైన రకం ఒక పూతలో చారలుగా కనబడి, రెండవ పూతలో సీసా రంగుకు చేరుకున్నది. పారదర్శకమైన రకం మూడు పూతలైనా గోటికొన తెలుపును దాచలేదు. అది దాని లోపమని కొందరన్నారు గాని మేము అంగీకరింపలేము. గోటి క్రింది మాంసపు గులాబి తొంగిచూచే ఆ నీటిమెరుపు ఒక అందం. రెండు పూతలు వేసి, ఆరనిచ్చి, ఆ తరువాతనే తీర్పు చెప్పవలెనన్నది మేము ఏర్పరచుకొన్న నియమం.

అన్నింటికన్న ఆసక్తి కలిగించినది మెరుగు. మెరుపులేని మాట్ రకాన్ని చూడండి. అదే ఎరుపు, కాని వెలిసినట్లు కనిపిస్తుంది. దాని ఉపరితలంలో సిలికా వంటి సన్నని పొడి ఉండి గరుకుగా ఉంటుంది. పడిన వెలుగు నలుదిక్కులా చెదిరి, ఆ తెల్లదనం ఎరుపుతో కలిసి మన కంటికి చేరుతుంది. నున్నని పూతలోనైతే పైవెలుగు ఒకే దిక్కుకు అద్దంవలె మరలిపోతుంది. తక్కిన దిక్కులనుండి చూచినవారికి చిక్కని రంగే కనబడుతుంది. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉండే షాబాదు బండ, నీళ్ళు చల్లగానే నల్లబడుతుంది గదా! ఇంచుమించు అదే సంగతి. మాట్ పూతపై రంగులేని నున్నని టాప్ కోటు ఒకటి వేసి చూచితిమి. పోయిందనుకొన్న ఎరుపు కళ్ళముందే తిరిగివచ్చినది. ఒక సీసాతో రెండు రంగులు దక్కినందుకు మా విద్యార్థినులు సంతోషించారు.

ముత్యపు మెరుపుది వేరొక కథ. పూర్వం చేపపొలుసులనుండి తీసిన గ్వానిన్ స్ఫటికాలతో ఈ మెరుపు సాధించేవారు. కృత్రిమ ముత్యాలకు పూసినదీ అదే. 1960ల దశకంనుండి ఆ స్థానాన్ని అభ్రకం ఆక్రమించినది. గూడూరు గనులవలన తెలుగువారికి చిరపరిచితమైన అభ్రకమే. దాని సన్నని రేకులకు టైటానియం డయాక్సైడ్ పొర పట్టిస్తే, ఆ పొర మందాన్ని బట్టి వెండిగా, బంగారంగా, ఊదాగా మెరుస్తుంది. అందులో రంగుపొడి ఏమీ ఉండదు. సబ్బుబుడగమీది రంగులవంటివే ఇవి. రేకులు కుంచె నడిచిన దారిలో పడుకొంటాయి కనుక, కుంచె గీతలు, గోటి గాళ్ళు ఈ రకంలో బయటపడినంతగా మరి దేనిలోనూ బయటపడవు. చేయి నిలకడలేనివారు క్రీము రకాన్ని ఆశ్రయించుట మేలు. జార్ఖండ్ గనులలో పసిపిల్లలు అభ్రకం ఏరుతున్న సంగతి లోకానికి తెలిసిన తరువాత కొందరు తయారీదారులు కృత్రిమ అభ్రకానికి మారినారు. మెరుపు కొనేవారు ఈ సంగతి కూడ తెలిసి కొనవలెనని మా కోరిక. తళుకుల రకాన్ని గురించి చెప్పవలసినది తక్కువ. పూయటం సులభం, తీయటం శిక్ష.

ఎరుపులన్నీ ఒకటి కావు. సీసామీది ఆంగ్లనామాలు ఈ విషయంలో మనకేమీ సాయపడవు. మన మాటలే నయం. సిందూరంలో పసుపు ఛాయ కలదు. దానిమ్మగింజలో నీలి ఛాయ కలదు. మంకెనపూవు ఈ రెంటికీ నడుమ నిప్పువలె నిలుస్తుంది. ఇటుక, నేరేడు, చెంగావి, మామిడిచిగురు, చీరల దుకాణంవారి రాణీరంగు, ఇన్ని పేర్లు మన నాలుకమీద ఉండగా సంఖ్యలు గుర్తుపెట్టుకొనటం ఎందుకు? రెండు సీసాల చుక్కలను తెల్లకాగితంపై ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఏది సిందూరమో, ఏది దానిమ్మయో తెలిసిపోతుంది. విడివిడిగా చూచినప్పుడు తెలియదు.

ప్రక్కన పెట్టి చూడటమన్న ఈ మాటలోనే మేము మొదట ప్రస్తావించిన బాధకు సమాధానం కలదు. ఫ్రాన్సులో గోబెలిన్ నేతశాల అద్దకశాఖకు అధిపతిగా ఉన్న షెవ్రోల్ అనే రసాయనవేత్తకు, నల్లనూలు వెలవెలబోతున్నదని ఫిర్యాదు వచ్చినది. పరీక్షించగా నూలులో లోపం కనబడలేదు. చుట్టూ నేసిన రంగులవలననే నలుపు అలా కనబడుతున్నదని ఆయన గ్రహించి, 1839లో దానిపై పెద్ద గ్రంథమే ప్రకటించారు. ముదురురంగు ప్రక్కన లేతది మరింత లేతగాను, లేతరంగు ప్రక్కన ముదురుది మరింత ముదురుగాను మన కంటికి తోస్తుంది.

మా బృందంలో ఒక విద్యార్థిని చామనచాయకన్న ఒక పాలు ముదురు. "నల్లచేతికి ముదురురంగు వేస్తే చేయి ఇంకా నల్లగా కనబడుతుంది, లేతరంగే వేసుకో" అని ఇంటిలో పెద్దలు చెప్పగా, ఆమె ఎన్నడూ లేతగులాబి తప్ప ముట్టలేదు. అదీ నచ్చక మానివేసినది. షెవ్రోల్ నియమం ప్రకారం ఆ సలహా తలక్రిందులుగా ఉన్నది. లేతగోరు ప్రక్కన చేయి ఇంకా ముదురుగా తోచవలెను. మేము చూచినపుడు అలాగే తోచినది. పైగా ఆ లేతగులాబిలో తెల్లనిపొడి అధికం. అది ఆమె వేళ్ళకొనలపై సున్నం అంటినట్లున్నది. అదే గులాబి పారదర్శక రకంలో వేయగా ఆమె గోటి సహజవర్ణంతో కలిసిపోయినది. మంకెనపూవు ఎరుపు ఆమె చేతిపై వెలిగినట్లు మా ఎవ్వరి చేతిపైనను వెలగలేదు. నేరేడురంగు ఆమె గోటిపై నేరేడుగానే ఉండగా, తెల్లని చేతిపై దాదాపు నలుపై కూర్చున్నది. చేయి తెల్లగా కనబడటం ఒక ఘనత అని మేము అనటం లేదు. ఆ సలహా తన లెక్కలోనే తప్పినదని చూపుతున్నాము. తెల్లని వ్రేళ్ళ బొమ్మలు ముద్రించిన షేడ్ కార్డును చూచి ముదురుచాయ చేతికి రంగు ఎంచుకొనటం, ఒకరి పాదం కొలతతో మరొకరికి చెప్పులు కుట్టటంవంటిది.

వెలుతురును గురించి రెండు మాటలు. ట్యూబులైటు క్రింద ఒక్కటిగా కనబడిన రెండు సీసాలు ఎండలో వేరు కావచ్చును. ఒక్కొక్క దీపపు వెలుగులో ఒక్కొక్క రంగుపాలు ఎక్కువ తక్కువలుగా ఉండటమే కారణం. అంగడివాడు అనుమతిస్తే పగటిపూట గుమ్మంలోకి వచ్చి చూచుకొనవలెను. ఎండలోకి పోనక్కరలేదు, నీడలో వెలుతురు చాలును.

పూసిన నాలుగైదు రోజులకు ఏ రకం ఏ స్థితిలో ఉన్నదో కూడ గమనించినాము. గిన్నెలు తోమిన చేతులు, సుద్దముక్క పట్టిన చేతులు మాలో ఉన్నవి. మాట్ రకం రాపిడి తగిలినచోటల్లా నున్నబడి మెరవసాగినది. ముదురు క్రీము కొనలలో పెచ్చు లేచినప్పుడు దూరంనుండే తెలిసినది. ముత్యపు లేతరంగు పెచ్చు లేచినా ఎవరికీ పట్టలేదు. ముదురు ఎరుపులు తీసిన తరువాత గోటిపై పసుపు మరక మిగిలినది. క్రింద రంగులేని బేస్ కోటు వేసిన గోళ్ళపై అది కనబడలేదు.

ముస్లిం విద్యార్థినులకు మరొక విచారణ కలదు. వజూలో నీరు గోటిని తాకవలెను. గోరింట ఇంకిన రంగు గనుక నీటికి అడ్డు కాదు. పాలిష్ పొర గనుక అడ్డు. 2010ల దశకంలో నీటిని చొరనిచ్చే పాలిష్‌లంటూ కొన్ని అంగడికి వచ్చినవి. ఆవిరి చొరటం వేరు, నీరు చేరటం వేరు. ఈ విషయమై ఉలమాలలో ఏకాభిప్రాయం లేదు. తమకు నమ్మకమున్నవారిని అడిగి నడచుకొనుట మంచిది. ఆస్పత్రిలో శస్త్రచికిత్సకు ముందు గోళ్ళరంగు తీయించటానికి కారణం వేరు. 2020లో కోవిడ్ వలన ఇంటింటికి పరిచయమైన ఆక్సీమీటరు, వ్రేలిగుండా ఎర్రని, పరారుణ కాంతులను పంపి రక్తంలోని ప్రాణవాయువును లెక్కిస్తుంది. ముదురు నీలం, నలుపు వంటి పూతలు ఆ కాంతికి అడ్డుపడి లెక్క తప్పించవచ్చును.

చివరగా సీసాను గురించి. అడుగున పేరుకొన్న పొడిని కలపటానికి సీసాను గట్టిగా ఆడించరాదు. గాలిబుడగలు చేరి పూతపై పొక్కులు లేస్తాయి. రెండు అరచేతులమధ్య కవ్వంవలె దొర్లించితే చాలు. లోపల ఉండే చిన్న ఉక్కుగుండ్లు ఆ పని చేస్తాయి. మూతి అంచున గడ్డకట్టిన రంగును తుడవకపోతే మూత సరిగా బిగియదు, ద్రావకం ఎగిరిపోయి రంగు పాకమవుతుంది. అప్పుడు అసిటోను పోసి పలుచన చేయటం పలువురి అలవాటు. అసిటోను చప్పున ఎగిరిపోయి పూతను పెళుసు చేస్తుంది. ఇందుకని అమ్మే థిన్నరులో సీసాలోని ద్రావకాలే ఉంటాయి. అది రెండు మూడు చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచితే చాలును.