నొప్పి నివారణ మాత్రలు

నొప్పి నివారణ మాత్రలు అనగా శరీరంలో కలిగే నొప్పిని, కొన్ని సందర్భాలలో జ్వరాన్ని, వాపును తగ్గించే మందులు. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వీటిలో సామాన్య ప్రజలు ఎక్కువగా ఎరిగినవి. వైద్యుని చీటీ లేకుండానే వీటిని మందుల దుకాణంలో కొనడం వాడుకలో ఉన్నది. మూడూ నొప్పిని తగ్గించేవే అయినప్పటికీ అవి కలిగించగల హాని వేరువేరు. కనుక ఏది ఎవరికి తగును, ఎవరికి తగదు అనేది తెలుసుకొని వాడవలెను. ఈ వ్యాసంలో నిజామాబాదు, బోధన్ ప్రాంతపు పరిస్థితులను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

ప్రాంతపు పరిస్థితులు

బోధన్ సమీపంలోని శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో నెలకొల్పిన చక్కెర కర్మాగారం ఈ ప్రాంతాన్ని చెరకు సీమగా మార్చింది. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తరువాత చెరకు తగ్గి వరి సాగు పెరిగినది. చెరకు నరకడం, వరి నాట్లు వేయడం, పసుపు తవ్వడం, బీడీలు చుట్టడం ఇక్కడి ముఖ్యమైన కాయకష్టాలు. గంటల తరబడి వంగి చేసే ఈ పనుల వలన నడుము, మెడ, కీళ్ళ నొప్పులు వస్తాయి. పని మానితే కూలి పోతుంది కనుక రోజూ మాత్ర వేసుకొని పనికి వెళ్ళేవారు ఉంటారు. అసలు ప్రమాదం ఒక మాత్రతో కాదు, ఈ రోజువారీ అలవాటుతోనే.

పనిచేసే విధానం

దెబ్బ తగిలినచోట, వాపు ఉన్నచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై నొప్పిని పెంచుతాయి. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని అడ్డుకుంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. ప్రోస్టాగ్లాండిన్లపై చేసిన కృషికి ఆయనకు 1982లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఇవే రసాయనాలు జీర్ణాశయపు పొరను కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తం చేరడానికి తోడ్పడతాయి. అందువలన నొప్పి తగ్గించే మందే కడుపులో పుండును, మూత్రపిండాలకు హానిని కలిగించగలదు.

ముఖ్యమైన మందులు

పారాసిటమాల్: జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులకు మొదట ఎంచుకోదగినది. కడుపుకు, మూత్రపిండాలకు హాని తక్కువ. వాపును తగ్గించదు. పెద్దలకు 500 నుండి 1000 మి.గ్రా. చొప్పున, కనీసం 4 నుండి 6 గంటల ఎడంతో వాడవచ్చును. రోజుకు 4000 మి.గ్రా. దాటరాదు. బరువు తక్కువ ఉన్నవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి ఈ పరిమితి ఇంకా తక్కువ. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది.

ఇబుప్రొఫెన్: బెణుకు, కీళ్ళ వాపు, పంటినొప్పి, బహిష్టు నొప్పులకు బాగా పనిచేస్తుంది. 200 నుండి 400 మి.గ్రా. చొప్పున, ఆహారం తరువాత వాడవలెను. వైద్యుని సలహా లేకుండా రోజుకు 1200 మి.గ్రా. మించరాదు.

ఆస్పిరిన్: ఇది రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది. నేడు నొప్పి కంటే గుండె జబ్బు ఉన్నవారికి తక్కువ మోతాదులో ఎక్కువగా వాడబడుతున్నది. అట్లా వాడేవారు దానిని తమంతట తాము ఆపరాదు. 16 సంవత్సరాల లోపు పిల్లలకు జ్వరంలో ఇవ్వరాదు. రై సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన వ్యాధి రావచ్చును.

ఎప్పుడు ఏది వాడరాదు

* ఎండలో పని: చెమట వలన ఒంటిలో నీరు తగ్గినప్పుడు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారికి ముప్పు మరింత ఎక్కువ.
* వానాకాలపు జ్వరం: డెంగ్యూ కాదని తేలేవరకు ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడరాదు. రక్తస్రావం కావచ్చును. పారాసిటమాల్ మాత్రమే వాడవలెను.
* గర్భిణులు: 20 వారాలు దాటిన తరువాత వైద్యుడు చెప్పనిదే ఇబుప్రొఫెన్ వంటివి వాడరాదు.
* కడుపులో పుండు, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, ఇటువంటి మాత్రలతో ఉబ్బసం పెరిగేవారు ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడరాదు.

వేరు పేర్లు, ఒకే మందు

డోలో 650 మాత్రలో 650 మి.గ్రా. పారాసిటమాల్ ఉంటుంది. కాంబిఫ్లామ్‌లో 400 మి.గ్రా. ఇబుప్రొఫెన్‌తో పాటు 325 మి.గ్రా. పారాసిటమాల్ కూడా ఉంటుంది. ఒకరు జ్వరానికి నాలుగు డోలోలు, నడుము నొప్పికి మూడు కాంబిఫ్లామ్‌లు ఒకే రోజు వేసుకుంటే మొత్తం పారాసిటమాల్ 3575 మి.గ్రా. అవుతుంది. సన్నగా ఉండి, రోజూ సారా తాగే కూలికి ఇది ప్రమాదకరమైన మోతాదు. కనుక రేకుపై పెద్ద అక్షరాలలోని వ్యాపారనామాన్ని గాక, చిన్న అక్షరాలలోని మందు పేరును చదవవలెను.

చట్టం

భారతదేశపు ఔషధ నియమాల ప్రకారం ఆస్పిరిన్, పారాసిటమాల్ మాత్రలు గృహ ఔషధాల జాబితాలో ఉన్నాయి. వెయ్యికి మించని జనాభా గల గ్రామాలలో వీటిని కొన్ని షరతులతో లైసెన్సు లేని దుకాణంలో కూడా అమ్మవచ్చును. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటివి షెడ్యూల్ హెచ్‌కు చెందినవి. వీటికి వైద్యుని చీటీ తప్పనిసరి. 12 సంవత్సరాల లోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించింది.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి

జ్వరం మూడు రోజులు, నొప్పి వారం దాటినా, కాళ్ళలో తిమ్మిరి ఉన్నా, మూత్రం తగ్గినా, పాదాలు వాచినా మాత్రలతో కాలం గడపక ఆసుపత్రికి వెళ్ళవలెను. మలం నల్లగా రావడం కడుపులో రక్తస్రావానికి గుర్తు కావచ్చును. పారాసిటమాల్ అధికంగా మింగినవారు మొదటి రోజు మామూలుగా కనిపించవచ్చును, అయినా వేచి ఉండరాదు. దీనికి అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉన్నది. అది మొదటి 8 గంటలలోపు ఇచ్చినప్పుడు అత్యంత బాగా పనిచేస్తుంది. కనుక వెంటనే 108కి ఫోన్ చేసి, మాత్రల రేకును వెంట తీసుకొని వెళ్ళవలెను.