తెర నల్లబడింది, పోగు ఎక్కడ తెగింది?

సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. తాత సాంచె నడిపిన ఇంట్లో మనవడు చీరల డిజైన్లు గీస్తున్నాడనుకుందాం. సాఫ్ట్‌వేర్ కొనే స్థోమత లేక ఉబుంటు లైనక్స్ ఎక్కించుకుని, ఇంక్‌స్కేప్‌లో పని నేర్చుకున్నాడు. ఒక రాత్రి ఉబుంటును అప్‌గ్రేడ్‌కు పెట్టి పడుకున్నాడు. పొద్దున స్విచ్ వేస్తే కంపెనీ గుర్తు కనిపించింది, ఆ తర్వాత అంతా నలుపు. పైమూలన ఒక చిన్న గీత మాత్రం కొట్టుకుంటోంది.

దీపావళికి ఇవ్వాల్సిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఇలాంటప్పుడు రిపేరు దుకాణాల్లో తరచు వినిపించే మాట: "ఫార్మాట్ కొట్టాలి." ఆ మాటకు తలూపే ముందు ఒక్క గంట ఆగమని చెప్పడానికే ఈ వ్యాసం. నల్లతెర వల్ల డిజైన్లు పోవు. వాటిని నిజంగా తుడిచేసేది ఫార్మాటే. పడుగులో ఒక పోగు తెగి సాంచె ఆగితే పడుగంతా కోసి పారేయరు కదా. తెగిన చోటు వెతికి అతుకుతారు.

కంప్యూటర్ లేవడం కూడా వరసగా జరిగే పని. కరెంటు రాగానే ఫర్మ్‌వేర్ లేచి గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. గ్రబ్ లైనక్స్‌కు గుండె లాంటి కెర్నెల్‌ను మెమరీలోకి తెస్తుంది. కెర్నెల్ యంత్రభాగాలను గుర్తుపట్టి పని సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. అది ఒక్కొక్క సేవనూ లేపుతూ డిస్‌ప్లే మేనేజర్ దాకా వస్తుంది. మనం పాస్‌వర్డ్ కొట్టే తెర దానిదే. కిటికీలను తెరమీద చూపే బాధ్యత ఎక్స్‌దో వేలాండ్‌దో. ఎక్స్ 1984లో ఎంఐటీలో పుట్టింది, నేటికీ వాడుకలో ఉన్న దాని పదకొండో రూపం 1987 నాటిది. వేలాండ్‌ను 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టారు. ఈ రెండూ కెర్నెల్‌కు బయటే ఉంటాయి. అందుకే బొమ్మల తెర కూలినా కింద అక్షరాల లోకం బతికే ఉంటుంది.

ఉందో లేదో చూడాలంటే కంట్రోల్, ఆల్ట్ నొక్కి పట్టుకుని ఎఫ్3 నొక్కాలి. తెరమీద లాగిన్ అన్న మాట కనబడిందంటే సగం భయం తీరినట్టే: కెర్నెల్ లేచింది, డిస్క్ చదవగలుగుతోంది. తెగిన పోగు ఆ పైనెక్కడో ఉంది.

నా లెక్కలో మొదట అనుమానించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నెల్ మూలంలోనే ఉంటాయి కాబట్టి కెర్నెల్ మారితే వాటినీ అందుకు తగ్గట్టే సవరిస్తారు. ఎన్‌విడియా సొంత డ్రైవర్ బయటిది. కెర్నెల్ లోపలి అమరిక వెర్షన్‌కూ వెర్షన్‌కూ మారుతుంది, మారదని ఎవరూ మాట ఇవ్వలేదు. కాబట్టి ఆ డ్రైవర్ మాడ్యూల్ ప్రతి కొత్త కెర్నెల్‌కూ సరిగ్గా దానికోసమే తయారై ఉండాలి. చాలా మెషీన్లలో డీకేఎంఎస్ అనే ఏర్పాటు దాన్ని అక్కడికక్కడే తయారుచేస్తుంది. ఆ కెర్నెల్ హెడర్ ఫైళ్లు లేకపోతే మాడ్యూల్ తయారు కాదు. తయారైనా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి మాడ్యూల్‌కు సంతకం లేకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. కార్డు మరీ పాతదైతే కొత్త డ్రైవర్ దాన్ని వదిలేసి ఉండొచ్చు కూడా. మూడు కారణాలకూ బయటికి కనిపించేది అదే నలుపు. అందుకే ఊహతో పని లేదు, లాగ్ చదవాలి. సిస్టమ్‌డీ జర్నల్‌లో ఈసారి బూట్ తాలూకు తప్పులు, ఎక్స్ లాగ్‌లో రెండు 'ఈ'లు గుర్తుగా ఉన్న వరసలు చూస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడే రాసి ఉంటుంది.

చదివే ఓపిక ఆ పూటకు లేకపోతే ఇంకో దారి ఉంది. ఉబుంటు కనీసం ఒక పాత కెర్నెల్‌ను దాచి ఉంచుతుంది. గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో దాన్ని ఎంచుకుంటే చాలాసార్లు పాత డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. అలా వచ్చిందంటే తప్పు కొత్త కెర్నెల్‌కూ డ్రైవర్‌కూ మధ్య ఉందని తేలినట్టే.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే తిప్పి పంపుతుంటే కథ వేరు. డిస్క్ నిండిపోయి చిన్న ఫైలు రాయడానికి కూడా చోటు లేకపోవచ్చు. లేదా హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్ అథారిటీ ఫైలు యజమాని పొరపాటున రూట్ అయి ఉండొచ్చు. చోటు ఖాళీ చేయడమో, ఫైలును మన పేరుకు మార్చడమో చేస్తే సరిపోతుంది.

తెర పోయినంత మాత్రాన ఫైళ్లు పోవనడానికి పెద్ద ఉదాహరణే ఉంది. 2024 జూలై 19న సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే మెషీన్లు లేచాయి. లోపలి సమాచారం చెక్కుచెదరలేదు.

సూరత్ కుర్రాడి డెస్క్‌టాప్ ఎంతకీ లేవకపోయినా ఇంకో మార్గం ఉంది. ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే డిస్క్‌ను ముట్టుకోకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే దాని పాస్‌వర్డ్ అడుగుతుంది. డిజైన్ల ఫోల్డర్‌ను మరో డిస్క్‌కు కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోవాలి. ఫార్మాట్ తప్పదంటే, దుకాణం మెట్లెక్కేది ఆ తర్వాతే.