బోరింగు గట్టు మీద బొమ్మలు

నిండు బిందెను నేల మీంచి నెత్తి మీదకి ఎత్తుకోవడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుసు. పక్కన ఎవరైనా ఉంటే ఓ చెయ్యి వేస్తారు. లేకపోతే మోకాలి మీద ఆనించుకుని, నడుం పట్టేసినా సరే, ఒక్క ఊపున లేపాల్సిందే. మా అమ్మ ఇరవై ఏళ్లు అలాగే మోసింది. ఆ గట్టు కట్టినవాడు ఒక్క బిందె కూడా మోసి ఉండడని సణుక్కునేది.

బస్తర్‌లో ఆ మోసేవాళ్లని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఎవరో తెలుసా? కళాకారులు! ముంబయికి చెందిన చిత్రకారిణి, శిల్పి నవజోత్ అల్తాఫ్ 1990ల చివర్లో కొండగావ్ వెళ్లారు. అక్కడి కళాకారులు శాంతిబాయి, రాజ్‌కుమార్ కోర్రం, గేసూరామ్ విశ్వకర్మ వంటివారితో కలిసి పని మొదలుపెట్టారు. గేలరీలో శిల్పం పెట్టి దూరంగా నిలబడటం ఒక పద్ధతి. భాష, చదువు, బతుకు అన్నీ వేరైన మనుషుల మధ్య ఏళ్ల తరబడి మాట కలపడం ఇంకో పద్ధతి. రెండోదే కష్టం. నేర్పడానికి వచ్చానన్న దర్జా ఉంటే అసలు కుదరదు.

అలా పుట్టినవే 'నల్‌పర్'లు, అంటే చేతిపంపుల చోట్లు. పంపు చుట్టూ మట్టి, మురుగు. అక్కడికి రోజూ వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లూ ఆడపిల్లలే. ఇంట్లో నోరు విప్పడానికి వీల్లేని మాట కూడా అక్కడే బయటికొస్తుంది కదా! ఊరివాళ్లతో చర్చించి గచ్చు, గోడ కట్టారు. బిందెను నెత్తికెత్తుకునే ముందు మధ్యలో ఆనించుకోవడానికి కాస్త ఎత్తున దిమ్మె పెట్టారు. వృథా నీరు నిలవకుండా ఇంకుడు గుంటకి దారి తీశారు. గోడల మీద, గచ్చు మీద వాళ్లకి తెలిసిన గుర్తులు, బొమ్మలు.

ఇది కళా, కాంట్రాక్టరు పనా అని పెదవి విరిచేవాళ్లుంటారు. ఉండనివ్వండి. నాకైతే ఆ దిమ్మె ఎంత ఎత్తుండాలో ఆడవాళ్లని అడగటమే పెద్ద విషయంగా తోచింది. మన ఊళ్లలో బోరింగు ఎక్కడ దింపాలో తేల్చే నలుగురిలో నీళ్లు మోసేది ఎందరు?

వీళ్లే కట్టిన 'పిల్లాగుడి' పేరు వినగానే నాకు నవ్వొచ్చింది, అచ్చం మన మాటలా ఉందని! హల్బీలోనూ పిల్లల గుడి అనే అర్థం. విగ్రహం ఉండదు, పూజారీ ఉండడు. పిల్లలు చేరి బొమ్మలేస్తారు, కథలు చెప్పుకుంటారు. ఆదివాసీ పిల్లలూ, ఆదివాసేతరుల పిల్లలూ కలిసే కూర్చుంటారు. బడిలో వెనక బెంచీలో మాట్లాడకుండా ఉండిపోయే పిల్లకి తన భాషలో, తన ఊరి బొమ్మలతో మొదలుపెట్టే అవకాశం అక్కడ దొరుకుతుంది.