ఏసీ గ్యాస్: అపోహలు – వాస్తవాలు

ఎండాకాలం రాగానే ఏసీలో గ్యాస్ నింపించాలన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది గానీ, శీతలకం, అంటే గదిలోని వేడిని గ్రహించి బయట వదిలే ద్రవ్యం, వాహనంలోని పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ద్రవంగానూ ఆవిరిగానూ మారుతూ తిరిగే ఆ శీతలకం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే; ఆ లీకును వెతికి మూయకుండా ఏటా నింపించుకోవడం డబ్బును గాలిలో కలపడమే.

ఇంతకన్నా చేటు చేసే అపోహ, ఏ ఏసీకైనా ఏ గ్యాసైనా సరిపోతుందన్నది. పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేసేది కావడంతో, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని వాడకాన్ని క్రమంగా తగ్గిస్తున్నారు. దాని స్థానంలోకి వచ్చిన ఆర్-410ఏ అనేది ఆర్-32ను, ఆర్-125ను బరువులో చెరిసగం కలిపిన మిశ్రమం. అదే ఉష్ణోగ్రత దగ్గర దాని పీడనం ఆర్-22 పీడనం కన్నా సుమారు 60 శాతం ఎక్కువ కనుక, పాత కంప్రెసర్ గానీ కండెన్సర్ గానీ ఆ ఒత్తిడికి తగినట్టు తయారైనవి కావు. నూనెది మరో చిక్కు. ఆర్-22తో కలిసి గొట్టాల్లో తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరే ఖనిజ తైలం ఆర్-410ఏలో, ఆర్-32లో సరిగా కలవక దారిలోనే నిలిచిపోతుంది, కంప్రెసర్‌కు నూనె అందదు. వాటికి వాడే పాలియోల్ ఎస్టర్ నూనె గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది కాబట్టి, గ్యాస్ నింపే ముందు వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను తోడేయడం తప్పనిసరి; తొందరలో మెకానిక్ ఎగవేసేది సరిగ్గా ఈ పనినే.

ఓజోన్‌కు హాని లేనిదంతా పర్యావరణానికి మేలు చేసేదే అనడమూ పొరపాటే. నూరేళ్ల కాలానికి లెక్కిస్తే ఆర్-410ఏ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 2,088 రెట్లు, ఆర్-32ది 675 రెట్లు. ఆర్-290, అంటే ప్రొపేన్, ఈ లెక్కలో ఎంతో మేలు గానీ, అది బాగా మండే వాయువు. గాలిలో సుమారు 2 శాతం చేరినా నిప్పంటుకోగలదు. ఆర్-32 కూడా మండేదే అయినా, నెమ్మదిగా మండే తరగతికి చెందినది, అంటుకోవాలంటే గాలిలో దాదాపు 14 శాతం ఉండాలి. ప్రొపేన్ పీడనం ఆర్-22కు దగ్గరగా ఉండటంతో దాన్ని పాత ఏసీలో నింపితే గది చల్లబడుతుంది, అదే అసలు ప్రమాదం: ఆర్-290 కోసం తయారైన యంత్రంలో గ్యాస్ పరిమాణానికి హద్దు, నిప్పురవ్వ రాని స్విచ్చులు ఉంటాయి, పాతదానిలో ఆ జాగ్రత్తలేవీ ఉండవు. లీకు పరీక్షకు గొట్టాల్లో ఆక్సిజన్ నింపడం మరీ అన్యాయం. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ నూనెతో కలిస్తే పేలుడు జరగవచ్చు, అందుకు వాడవలసింది పొడి నైట్రోజన్.