పాత ల్యాప్‌టాప్‌పై కొత్త విండోస్

ఆదోని పత్తి లెక్కలకైనను, ఎమ్మిగనూరు నేతయింటి పిల్లల చదువునకైనను పాత ల్యాప్‌టాప్ అక్కరకు వచ్చునదే. అయితే విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరైనచో సాధారణముగా 8వ తరముది కావలెను, టీపీఎం 2.0 అను భద్రతా చిప్పును ఉండవలెను.

ఈ తనిఖీని తప్పించు ఉపాయములు కలవు. కాని అట్టి యంత్రమునకు భద్రతా సవరణలు అందునని మైక్రోసాఫ్ట్ హామీ ఈయదు. మిక్కిలి పాత ప్రాసెసరుపై 2024 నాటి 24హెచ్2 కూర్పు అసలు మొదలే కాదు.

కావున ముందుగా దస్త్రములను వేరుగా భద్రపరచుకొనుడు. పిమ్మట ఉచితమైన లినక్సును మరియొక పెన్‌డ్రైవునుండి నడిపి చూడుడు. తెలుగు అక్షరములు, ప్రింటరు సరిగా పనిచేసినచో స్థాపించుకొనుడు. గుంటమగ్గమునకు జకార్డు అమర్చి కొత్త అంచులు నేయువారికి ఈ యుక్తిని మేము వేరుగ చెప్పనక్కరలేదు.