వంద మీటర్ల రూల్: నలుగురు కలిసి అడవిని ఎలా దాటతారు?

బాలానగర్‌లో నర్సాపూర్ చౌరస్తా దగ్గర రోజూ బస్సు మారేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పైన 2021 జూలైలో తెరిచిన ఫ్లైఓవర్, కింద ఆటోలు, పక్క గల్లీల్లో లేత్ మెషిన్ల చప్పుడు. ఆ చౌరస్తాకి ఆ పేరు ఎందుకొచ్చిందని పెద్దగా ఎవరూ అడగరు. అక్కడి నుంచి జీడిమెట్ల, గండిమైసమ్మ, దుండిగల్ మీదుగా పోయే రోడ్డు నేరుగా నర్సాపూర్ అడవికి చేరుస్తుంది. పొద్దున్నే బండి తీస్తే గంట, గంటంపావు. ఆదివారం అక్కడిదాకా వెళ్లి, నాలుగు ఫోటోలు దిగి, మధ్యాహ్నానికి బిర్యానీ తిని తిరిగొచ్చే బ్యాచ్‌లు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి.

ఇప్పుడు అలాంటి అడవిని రోడ్డు లేకుండా, ఫోన్ చూడకుండా, రాత్రీ పగలూ గడియారం ఆగకుండా ఐదారు రోజులపాటు దాటాలి అనుకోండి. అది కూడా ఒక్కరు కాదు, నలుగురు కలిసి. ఈ ఆటని ఎక్స్‌పెడిషన్ అడ్వెంచర్ రేస్ అంటారు. ఇందులో గెలిచేది కండబలం ఎక్కువున్న జట్టే అనుకుంటాం. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఇంజనీరింగ్ చదివేవాళ్లకి అది చాలా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆట ఏంటి, రూల్స్ ఏంటి?

1989లో ఫ్రాన్స్‌కి చెందిన జెరార్డ్ ఫ్యూజిల్ న్యూజిలాండ్‌లో 'రెయిడ్ గొల్వాజ్' అనే రేసు పెట్టాడు. ఈ తరహా రేసులకి పేరొచ్చింది దాంతోనే. 1995లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో మార్క్ బర్నెట్ 'ఎకో ఛాలెంజ్' మొదలుపెట్టాడు. 2019లో అదే రేసు ఫిజీ దీవుల్లో జరిగింది. 30 దేశాల నుంచి 66 జట్లు, 671 కిలోమీటర్లు, 11 రోజుల గడువు. మన దేశం నుంచి 'ఖుకురి వారియర్స్' పేరుతో ఒక జట్టు వెళ్లింది. 2013లో ఎవరెస్ట్ ఎక్కిన కవల అక్కచెల్లెళ్లు తాషీ, నుంగ్‌షీ మలిక్ ఆ జట్టులో ఉన్నారు. గెలిచింది మాత్రం న్యూజిలాండ్ జట్టు.

పెద్ద రేసుల్లో రూల్స్ దాదాపు ఒకేలా ఉంటాయి. జట్టుకి నలుగురు. అందరూ మగవాళ్లే అయినా, అందరూ ఆడవాళ్లే అయినా కుదరదు, కలిసే ఉండాలి. నడక, మౌంటెన్ సైకిల్, కయాక్, తాళ్ల మీద ఎక్కడం దిగడం అన్నీ ఉంటాయి. జీపీఎస్ వాడకూడదు, చేతిలో మ్యాపు, దిక్సూచి మాత్రమే. చెక్‌పాయింట్లన్నీ వరసగా ముట్టుకుంటూ పోవాలి. ఎప్పుడు పడుకోవాలో, ఎంతసేపు పడుకోవాలో జట్టు ఇష్టం. పడుకున్నంతసేపూ గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైన రూల్ ఇంకొకటి ఉంది. నలుగురూ ఎప్పుడూ ఒకరికొకరు దగ్గర్లోనే ఉండాలి. సాధారణంగా వంద మీటర్ల లోపు. ముందు పరిగెత్తి చెక్‌పాయింట్ ముట్టుకుని వస్తానంటే చెల్లదు. మధ్యలో ఒకరు ఆగిపోతే చాలా రేసుల్లో ఆ జట్టుకి ర్యాంకే ఉండదు. ఈ ఒక్క రూల్ ఆట మొత్తాన్ని మార్చేస్తుంది.

సగటు కాదు, కనిష్ఠం

ఒక చిన్న లెక్క వేద్దాం. నలుగురి నడక వేగం గంటకి 6, 6, 5, 4 కిలోమీటర్లు అనుకుందాం. సగటు ఐదుంపావు. మరి జట్టు వేగం ఎంత? నాలుగు. అంతే. అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే జట్టు వేగం. 6తో నడిచే దోస్తు ప్రాక్టీస్ చేసి చేసి 7కి వచ్చాడనుకోండి, జట్టుకి ఒక్క మీటరు కూడా కలిసిరాదు. 4తో నడిచేవారిని నాలుగున్నరకి తెస్తే మాత్రం రోజుకి కొన్ని కిలోమీటర్లు కలిసొస్తాయి.

కాబట్టి ఈ ఆటలో అడగాల్సిన ప్రశ్న "మనలో బలవంతుడు ఎవరు" అన్నది కాదు. "ఈ గంటలో మనలో నెమ్మదిగా ఉన్నది ఎవరు, వాళ్లకి ఏం చేయాలి" అన్నది. ఇక్కడ 'ఈ గంటలో' అన్నమాట చాలా ముఖ్యం. ఎందుకంటే ఆ మనిషి మారుతూనే ఉంటాడు. మొదటిరోజు ఎక్కుడులో ఒకరు వెనకబడతారు. రాత్రి రెండింటికి ఇంకొకరికి కళ్లు మూతపడతాయి. నీళ్లమీద ముందున్నవాళ్లు సైకిల్ మీద చివరికొస్తారు. ఐదు రోజుల రేసులో నలుగురికీ తలా ఒకసారి ఆ వంతు వస్తుంది.

బరువు, తాడు, తిండి, నిద్ర

వెనకబడినవారికి జట్టు చేసే మొదటి సాయం బ్యాగు తేలిక చేయడం. ఇది మంచితనం మాత్రమే అనుకోకండి, ఇందులో ఫిజిక్స్ ఉంది. 60 కిలోల మనిషి 12 కిలోల బ్యాగుతో కొండ ఎక్కుతున్నాడు, అంటే మొత్తం 72 కిలోలు. అందులోంచి 6 కిలోలు తీసేస్తే 66. కాళ్లలో ఉన్న పవర్ అంతే ఉంటే ఎక్కే వేగం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఆ 6 కిలోలు తీసుకున్న 70 కిలోల మనిషి మొత్తం బరువు 82 నుంచి 88 అవుతుంది, అతని వేగం సుమారు 7 శాతం తగ్గుతుంది. కానీ అతను ఎలాగూ ఆగి ఆగి నడుస్తున్నాడు. అతనిది 4 నుంచి 3.7కి పడితే నష్టం లేదు, వెనకున్నవారిది 3 నుంచి దాదాపు 3.3కి వస్తే లాభం. జట్టు మోసే బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. పదిగంటల ఎక్కుడులో మాత్రం రెండున్నర కిలోమీటర్లకి పైగా మిగిలింది.

రెండోది తాడు. ముందున్నవారి నడుముకో, సైకిల్‌కో సాగే తాడు కట్టి, వెనకున్నవారు దాన్ని తగిలించుకుంటారు. చూడటానికి మేకపిల్లని లాక్కెళ్తున్నట్టు ఉంటుంది. కానీ అనుభవమున్న జట్లు దీన్ని రేసు మొదటిరోజు నుంచే వాడతాయి. అలసిపోయాక తాడు కట్టడం కాదు, అలసిపోకుండా ఉండటానికే తాడు.

మూడోది తిండి. మన కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ సుమారు 2000 కేలరీలకి సరిపోతుంది. గంటల తరబడి కష్టపడితే అది ఒక్కరోజు కూడా రాదు. పోనీ ఒకేసారి కడుపునిండా తిందామంటే, పేగులు గంటకి ఒంటబట్టించుకునే గ్లూకోజ్ దాదాపు 60 గ్రాములే. అందుకని గంటగంటకీ కొంచెం కొంచెం తింటూ పోవాలి. అలసిన మనిషికి మొదట పోయేది ఆకలి. అందుకే ఎవరు ఎప్పుడు తిన్నారో పక్కవాళ్లు గమనిస్తుంటారు. "తిన్నావా?" అని అడగటం మన ఇళ్లల్లో మర్యాద, అడవిలో అది జట్టు డ్యూటీ.

నాలుగోది నిద్ర. చాలా జట్లు మొదటి రాత్రి అసలు పడుకోవు. తర్వాత రోజుకి రెండు మూడు గంటలు. 1997లో 'నేచర్' పత్రికలో ఆస్ట్రేలియాకి చెందిన డాసన్, రీడ్ ఒక ప్రయోగం ప్రచురించారు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుకి సమానంగా పడిపోయింది. 24 గంటలకి అది దాదాపు 0.10 శాతంతో సమానం. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ పరిమితి 0.03 శాతం. అంటే సబ్మిషన్ ముందు నైట్ అవుట్ చేసి పొద్దున్నే బండి తీసే మనందరికీ ఈ లెక్క వర్తిస్తుంది. రేసులో అయితే మ్యాపు చదివేవారికి నిద్ర తక్కువైతే ఒక్క తప్పు మలుపుకే నాలుగైదు గంటలు పోతాయి. ఆ మనిషికి అరగంట నిద్ర ఇచ్చి మిగతా ముగ్గురూ కాపలా కూర్చోవడం వృథా ఖర్చు కాదు.

బాలానగర్ షెడ్డులో ఇదే పాఠం

ఈ సూత్రం కోసం అడవికే వెళ్లక్కర్లేదు. బాలానగర్ గల్లీల్లో ఏ మెషిన్ షాపులోనైనా కాసేపు నిలబడండి. హాల్ ఏవియానిక్స్ డివిజన్, ఎంటార్, 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వీటి చుట్టూ చిన్న షెడ్లు ఎన్నో ఉన్నాయి. రాడ్ కట్ చేసి, లేత్ మీద తిప్పి, మిల్లింగ్ చేసి, హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపి, చివర గ్రైండింగ్ చేస్తారు. లేత్ గంటకి 20 పీసులు ఇచ్చి గ్రైండింగ్ 8 మాత్రమే ఇస్తే, షాపు నుంచి బయటికెళ్లేవి గంటకి 8. మిగతా 12 గ్రైండింగ్ మెషిన్ ముందు గుట్టగా పేరుకుంటాయి. ఇంకో కొత్త లేత్ కొంటే ఆ గుట్ట పెరుగుతుంది తప్ప ఆదాయం పెరగదు.

ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో వచ్చిన 'ది గోల్' నవలలో ఈ సంగతే చెప్పాడు. అందులో ఒక ఫ్యాక్టరీ మేనేజర్ పిల్లల్ని హైకింగ్‌కి తీసుకెళ్తాడు. హెర్బీ అనే కుర్రాడు నెమ్మదిగా నడవటంతో వరస విడిపోతూ ఉంటుంది. మేనేజర్ హెర్బీని అందరికంటే ముందు నిలబెడతాడు, అతని బ్యాగులో బరువు మిగతావాళ్లకి పంచుతాడు. వరస కలిసిపోతుంది, వేగమూ పెరుగుతుంది. హెర్బీని ఎవరూ తిట్టలేదు, వదిలేసి వెళ్లనూ లేదు. అడ్వెంచర్ రేసు జట్లు చేసేదీ అచ్చం అదే.

మన నేల మీది ఉదాహరణ

రోజుల తరబడి సాగిన జట్టు ఓర్పుకి మన దగ్గర అందరికీ తెలిసిన ఉదాహరణ 2014 నాటి ఎవరెస్ట్. అది రేసు కాదు గానీ సూత్రం ఒక్కటే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకి చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. 2014 మే 25న శిఖరం చేరేనాటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఇద్దరి పేర్లే మనకి గుర్తుంటాయి. కానీ ఆ ప్రయాణం భువనగిరి ఏకశిల గుట్ట మీద వందమందికి పైగా పిల్లలతో, కోచ్ శేఖర్‌బాబు శిక్షణలో మొదలైంది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లదాఖ్. విడత విడతకీ సంఖ్య తగ్గుతూ చివరికి ఇద్దరు మిగిలారు. రాక్ క్లైంబింగ్ చేసినవాళ్లకి తెలుసు, పైకి ఎక్కేవారి ప్రాణం కింద తాడు పట్టుకున్నవారి చేతిలో ఉంటుంది.

టిబెట్ వైపు నుంచి సాగిన ఆ ఎక్కుడుకి 52 రోజులు పట్టింది. అంత ఎందుకు? శిఖరం దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడోవంతే. శరీరం దానికి అలవాటు పడాలి. కొంత పైకెక్కడం, మళ్లీ కిందికొచ్చి పడుకోవడం, ఆగడం, మళ్లీ ఎక్కడం. ఎవరి శరీరం ఆలస్యంగా అలవాటు పడుతుందో జట్టు వాళ్ల కోసం ఆగుతుంది. అక్కడ కూడా సగటు పనిచేయదు.

ఇంకో పేరు కూడా చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లాకి చెందిన మల్లి మస్తాన్‌బాబు మనలాంటి ఇంజనీరే. జంషెడ్‌పూర్‌లో, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివాడు, సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. గాలింపు తర్వాత ఏప్రిల్‌లో ఆయన శరీరం దొరికింది. పక్కన ఎవరైనా ఉంటే బతికేవాడు అనడం తేలిక, కానీ అది న్యాయం కాదు. ఆ కొండ మీద ఆ రోజు ఏం జరిగిందో చూసినవారు లేరు. వంద మీటర్ల రూల్ ఉన్నది సరిగ్గా అందుకే. ఏం జరిగినా ఆ నిమిషంలోనే ఇంకో మనిషికి తెలియాలి.

దాచుకుంటేనే ప్రమాదం

ఇంత తెలిసినా జట్లు ఎందుకు విడిపోతాయి? ఎక్కువసార్లు కారణం కాలు కాదు, మాట. పాదం మీద చిన్న మంట మొదలైనప్పుడే చెబితే ఐదు నిమిషాల పని. బూటు విప్పి, ఆరబెట్టి, టేపు వేసుకుని పోవచ్చు. "నా వల్ల అందరూ ఎందుకు ఆగాలి" అని దాచుకుంటే, పదిగంటల తర్వాత అదే బొబ్బ పగిలి జట్టు మొత్తాన్ని కూర్చోబెడుతుంది. అంటే టీమ్ కోసం దాచుకున్న నొప్పి చివరికి టీమ్‌నే ఆపుతుంది. అయితే చెప్పడం ఆ ఒక్కరి బాధ్యతే కాదు. చెప్పగానే "అప్పుడేనా?" అని నవ్వే జట్టులో రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

మన మేజర్ ప్రాజెక్ట్ బ్యాచ్‌లో కూడా సాధారణంగా ఉండేది నలుగురే కదా. అందులో ఒకరు మెల్లగా మాట్లాడటం మానేస్తారు. గ్రూపులో బ్లూ టిక్ పడుతుంది, జవాబు రాదు. బ్యాక్‌లాగ్ ఉండొచ్చు, ఇంట్లో ఫీజు ఇబ్బంది ఉండొచ్చు, లేదా కోడ్ అర్థంకాక సిగ్గుపడుతుండొచ్చు. రివ్యూకి పదిరోజుల ముందు తెలిస్తే మాడ్యూల్ మార్చుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు. ముందురోజు రాత్రి తెలిస్తే తిట్టుకోవడం తప్ప ఏమీ మిగలదు. వంద మీటర్ల రూల్‌కి ఇక్కడ అర్థం ఏమిటంటే, రెండురోజులు కనిపించని మనిషికి మెసేజ్ పెట్టి ఊరుకోకుండా గదికి వెళ్లి తలుపు కొట్టడం.

ఈ లెక్కలు నమ్మకం కలగకపోతే మీరే ఒకసారి చేసి చూడండి. వర్షాలు తగ్గాక, అటవీశాఖ అనుమతించిన దారిలో, నలుగురు కలిసి పొద్దున ఆరింటికి పదిహేను కిలోమీటర్ల నడక పెట్టుకోండి. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు ఉండాలి, ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లాలి. ఫోన్లు బ్యాగులో, మ్యాపు చేతిలో. మొదటి సగం ఎవరి వేగంలో వాళ్లు నడవండి, మలుపుల దగ్గర మాత్రం ఆగి కలుసుకోండి. రెండో సగం నెమ్మదైనవారిని ముందు పెట్టి, వాళ్ల బ్యాగు మిగతా ముగ్గురూ పంచుకోండి. రెండు టైములూ రాసుకుని వచ్చి క్లబ్‌లో చెప్పండి, వచ్చే సంచికలో వేద్దాం.